అద్దాలకు సాంబ్రాణి

ఇన్నేళ్లయినా నా గుండెల మీంచి దిగని బరువు ఒకటుంది. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, ఒరిస్సాలోని రాయగడలో ఫోన్ కేబుళ్లు చూసే కంపెనీలో పనిచేసేవాడిని. కోరాపుట్ వైపు మాటల్ని కాంతిగా మోసుకెళ్లే ఆప్టికల్ కేబుల్ ఎక్కడైనా తెగితే, కాల్స్‌ని మరో దారికి మళ్లించే చిన్న పెట్టె ఒకటి పరీక్షకని వచ్చింది. లోపల కంటికి ఆనీ ఆనని అద్దాలు. అవి కాస్త ఒరిగితే చాలు, కాంతి దారి మారుతుంది. దుమ్మూ పొగా తగలకూడదు, మూత తీయొద్దని మరీ మరీ చెప్పారు. తాళంచెవి సుగుణ దగ్గర ఉండేది. పార్వతీపురం వైపు క్రైస్తవుల అమ్మాయి, కాంట్రాక్టు ఉద్యోగం. ఈ పెట్టె బాగా నడిస్తే పర్మనెంట్ చేస్తామన్నారు.

విశ్వకర్మ పూజ రోజు యంత్రాలన్నిటికీ బొట్లు పెట్టాం. సుగుణ పూజకు ఉండదు కదా, తాళంచెవి నా చేతికిచ్చి భోజనానికి వెళ్లింది. మూత మీద బొట్టు పెడితే లోపలి అద్దాలకు అందుతుందా? అందదనిపించింది. మూత విప్పి సాంబ్రాణి పొగ చూపించాను. అది భక్తేనా? ఆ అద్దాలు ఒక్కసారి చూద్దామన్న కుతూహలం లేదూ? ఉంది.

కొద్దిరోజులకే రోడ్డు తవ్వేవాళ్లు కేబుల్ తెంపేశారు. అద్దాలు ఒరగలేదు. ఫోన్లన్నీ మూగబోయాయి. విప్పి చూసిన ఇంజనీరు లోపల పొగ పట్టిందన్నాడు, తాళంచెవి ఎవరి దగ్గరుంటుందని అడిగాడు.

ఆయన గదిలోకి వెళ్లేముందు సుగుణ నన్ను మెట్ల దగ్గర ఆపింది.

"అన్నయ్యా, ఆరోజు మీరేటైనా మూత తీసేరా?"

"నానెందుకు తీస్తానమ్మి?"

"అయితే తాళంచెవి మీకిచ్చినట్టు సెప్పనులెండి. మీకెందుకు లేనిపోని గొడవ."

లోపలికెళ్లిపోయింది. నేను బయటే నిలబడ్డాను. తలుపు తోసి ఒక్క మాట చెప్పడానికి ఎంతసేపు? పిల్లలు, పరువు అంటూ ఏవేవో సాకులు వెతుక్కున్నాను గానీ, అది ఉత్త భయం. సుగుణ ఉద్యోగం పోయింది.

చాన్నాళ్లకు మునిగుడ స్టేషన్లో కనిపించింది. అక్కడ చిన్న బడిలో పాఠాలు చెబుతోందట. బాగున్నారా అన్నయ్యా అని నవ్వి, సంచిలోంచి సీతాఫలం తీసి నా చేతిలో పెట్టింది. అప్పుడైనా చెప్పానా? రైలొస్తోందన్నాను. ఆ పండు తినలేకపోయాను, పారేయనూ లేకపోయాను.

అప్పట్నుంచీ నాకు కుదురు లేదు. నా మాట నమ్మి నా పేరు దాచిందా? తెలిసే దాచిందా? తెలిసే అయితే నేనింకా సిగ్గుతో చావాలి.

మిమ్మల్ని క్షమించమనను, అది మీ చేతిలో లేదు. ఇన్నాళ్లూ నోట్లోనే నలిగిన మాట రాసేస్తున్నాను, ఊపిరి కాస్త ఆడుతోంది.

సుగుణా, ఆ మూత తీసింది నేనే.