వ్యానత్త భయం

బడిపిల్లల వ్యాను నడిపే ఆమెను పిల్లలంతా వ్యానత్త అంటారు. నెల రోజులుగా ఆమె వ్యానులో పాటలు పెట్టడం లేదు. ఇంజన్ ఆయిల్ తగ్గిన రోజున కంపెనీ డబ్బా దొరక్క, అదే గ్రేడున్న మామూలు ఆయిల్ బజార్లో కొని తనే పోసింది. అప్పటినుంచీ ఒళ్ళంతా చెవులే. పొద్దున్నే ఆయిల్ కొలిచే కడ్డీ లాగి, చుక్కను వేళ్ళ మధ్య నలిపి వాసన చూస్తుంది. బడి దారిలో వంతెన ఎక్కుతున్నంతసేపూ ఇంజన్ చప్పుడే వింటుంది. “అత్తా, పాటలు!” అని వెనక గోల మొదలైతే, “ష్, ఇంజన్ వినపడనివ్వండర్రా!” అంటుంది. నడి వంతెన మీద బండి ఆగిపోతే?

చివరికి ఉండబట్టలేక, మెకానిక్ దగ్గర నేరం ఒప్పుకున్నట్టు చెప్పేసింది. అతను గుడ్డతో చేతులు తుడుచుకుంటూ పకపకా నవ్వాడు. “ఇంతదానికేనా అక్కా! మూడేళ్ళుగా నేను పోస్తున్నదీ అలాంటిదేగా. గ్రేడ్ సరిపోతే ఇంజన్‌కేం తెలుస్తుంది? కంపెనీదే కావాలని నా ప్రాణం తీస్తావని చెప్పలేదంతే.” ఆమె కూడా నవ్వేసింది. మర్నాడు వంతెన ఎక్కుతూ పాటలు పెట్టింది. పిల్లలు గొంతు కలిపారు. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు వేయగానే ఆమె ఒళ్ళు చల్లబడింది. బ్రేకులు మార్చిందీ ఆ మెకానిక్కే. అవి కంపెనీవేనని అప్పట్లో చెప్పాడు.