హాలు గోడ కోసం నానిన సున్నం

మొన్న మంగళవారం ఆఫీసులో ఉండగా మునిర్కా నుంచి ఫోన్ వచ్చింది. మేస్త్రిగారు అద్దెకుంటున్న ఇంటావిడ. "భయ్యా, ఆప్‌కే అంకుల్ నహీ రహే" అంది. పొద్దున ఎంతకీ తలుపు తియ్యకపోతే వెళ్లి చూశారట. నిద్రలోనే పోయారు. గది గోడ మీద బొగ్గుతో రాసి ఉన్న ఫోన్ నంబరు నాదొక్కటేనట. ఏడాదిగా నేను ఆయన గడప తొక్కలేదు.

ఆయన నాకు బంధువు కాదు. నేను పనిచేసే కంపెనీ పాత హవేలీలనూ దొరల కాలం నాటి బంగళాలనూ కొని, బాగుచేయించి, బాగా డబ్బున్నవాళ్లకు అమ్ముతుంది. నేను సైట్ ఇంజనీరుని, ఆయన సున్నపు పని మేస్త్రి. కడప వైపు మనిషి. భార్య పోయాక ఢిల్లీ వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మెట్రో కోసం ఊరంతా తవ్వి పోస్తున్న రోజుల్లో నేను గుంటూరు నుంచి కొత్తగా దిగాను. రోజంతా హిందీ విని విని అలిసిపోయాక, ఆయన "ఏం నాయనా, తింటివా?" అని అడిగితే ప్రాణం లేచొచ్చేది.

తొందరంటే ఆయనకు గిట్టదు. సున్నాన్ని నెలల తరబడి నీళ్లలో నానబెట్టేవారు. అందులో కలపడానికి కరక్కాయలూ బెల్లమూ ఊరేసిన నీళ్లలో వేలు ముంచి నాలుకకు రాసుకుని, "ఇంగా రెండు దినాలు పులవాల" అనేవారు. పనివాళ్లు "చలేగా ఉస్తాద్‌జీ", ఇది చాలు అని బతిమాలినా వినేవారు కాదు. గోడ పూర్తయ్యాక నున్నటి గులకరాయితో గంటలకొద్దీ రుద్దేవారు. అంత చేసి, ఇల్లు అప్పగించే రోజు మాత్రం వెనక గేటు గుండా వెళ్లిపోయేవారు. కొన్నవాళ్లు టీకి పిలుస్తుంటే ఉండరేం అని ఒకసారి అడిగాను.

"వాళ్లిల్లు నాయనా. ఆడ మనకేం పని?" అని నవ్వి, తన రేకుల గదికి బస్సెక్కారు.

ఇక ఆయన ఉండగా చెప్పలేకపోయిన సంగతి చెప్పాలి.

సివిల్ లైన్స్‌లో ఒక బంగళా. కొనేవాళ్లు వారంలో చూడ్డానికి వస్తున్నారు, హాలు గోడ ఇంకా కాలేదు. మేస్త్రిగారు జ్వరంతో పడుకున్నారు. త్వరగా గట్టిపడుతుందని సున్నంలో సిమెంటు కలిపించాను. ఎవరూ కలపమనలేదు, నా తెలివే. గోడ తెల్లగా వచ్చింది, కొనేవాళ్లు మెచ్చుకున్నారు. మేస్త్రిగారు జ్వరం తగ్గి వచ్చి గోడ మీద అరచెయ్యి ఆనించి చూశారు.

"దీనికి ఊపిరాడదు" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "ఈ గోడ గురించి నాకేమన్నా చెప్పేదుందా నాయనా?" అని అడిగారు.

"ఏం లేదండీ" అన్నాను.

మొదటి వానలకే, సిమెంటు చెమ్మను బయటికి పోనివ్వక, గోడ బొబ్బలెక్కింది. ఆఫీసులో పెద్ద సారు అందరినీ నిలబెట్టి సిమెంటు ఎవరు కలిపారని అడిగారు. నేను తల దించుకున్నాను. మేస్త్రిగారే "మేరీ గల్తీ హై సాబ్" అని తప్పు తన మీద వేసుకున్నారు. అదే రోజు ఆయన్ని పనిలోంచి తీసేశారు. గోడను చెక్క పలకలతో కప్పేశారు. గేటు దగ్గర నేను ఏదో అనబోతే, "నువ్వు బతకాల్సినోడివి. నాదేముంది, ఒంటి మనిషిని" అన్నారు.

తర్వాత రెండు ఆదివారాలు మునిర్కా వెళ్లాను. ఉగ్గాని చేసి పెట్టారు. ఆ గోడ మాట ఎత్తనే లేదు. తిట్టి ఉంటే మళ్లీ మళ్లీ వెళ్లేవాణ్ణి. తిట్టలేదు కాబట్టి మానేశాను. ఇంత పిరికివాణ్ణి ఆయన ఎందుకు కాపాడారో నాకు తెలియదు.

దహనం అయ్యాక గది ఖాళీ చెయ్యమంది ఇంటావిడ. ఒక ట్రంకు పెట్టె, రెండు గిన్నెలు, గులకరాయి. తలుపు వెనక నీలం ప్లాస్టిక్ డ్రమ్ము.

"రోజూ ఇందులో నీళ్లు పోసేవారు. ఏముంది భయ్యా ఇందులో?" అని హిందీలో అడిగింది.

మూత తీశాను. జానెడు నీళ్ల కింద వెన్నలా సున్నం. డ్రమ్ము మీద బొగ్గుతో తెలుగులో 'హాలు గోడ' అని రాసి ఉంది. తీసెయ్యమని ఆవిడ ఎన్నిసార్లు చెప్పినా, "మా ఇంజనీరు బాబు వస్తాడు, ఇద్దరం కలిసి తీసుకుపోతాం" అనేవారట.

నిన్న పెద్ద సారు గదిలోకి వెళ్లి జరిగిందంతా చెప్పాను. ఆయన ఫైలులోంచి తల ఎత్తకుండా, "పాత సంగతి, ఛోడో యార్" అన్నారు.

డ్రమ్ము ఇప్పుడు జనక్‌పురిలో నా ఒంటి గది బాల్కనీలో ఉంది. నీళ్లు ఆరితే సున్నం చచ్చిపోతుందని ఆయన చెప్పేవారు. ఈ పొద్దున కూడా ఒక చెంబు పోశాను.