చక్కెర కాదు, పంచదార

పక్కింట్లో ఆడమనిషి ఏడుస్తుంటే ఎక్కడైనా వెళ్ళి తలుపు తడతారు. ఫిల్మ్‌నగర్‌లో మేముండే వీధిలో మాత్రం సీన్ బాగా వస్తోంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. ఇప్పటికీ తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

నేను సీరియల్స్‌కి మాటలు రాస్తాను. కోస్తా నుంచి వచ్చి పాతికేళ్ళయింది. తెలంగాణ మాట చెవికి పట్టుబడింది కానీ నాలుకకు పట్టుబడలేదు. నిరుడు జూబ్లీహిల్స్‌లో ఒక సంస్థ వాళ్ళు కబురు పెట్టారు. ఇంట్లో దెబ్బలు తినే ఆడవాళ్ళకు తోడుండే సంస్థ అది. కొత్త కార్యకర్తల కోసం శిక్షణ పుస్తకం తయారు చేస్తున్నారట. కార్యకర్తా, బాధితురాలూ మాట్లాడుకునే సన్నివేశాలు నాలుగు రాసిమ్మన్నారు. ఓస్ ఇంతేనా అనుకుని రెండు రోజుల్లో రాసి పట్టుకెళ్ళాను.

అక్కడ శిక్షణ ఇచ్చే ఆవిడ పెన్ను తీసి కొట్టెయ్యడం మొదలుపెట్టింది. ‘ఇన్నాళ్ళూ ఎందుకు భరించావమ్మా’ పోయింది. ‘ఆడది తలుచుకుంటే’ అని మొదలయ్యే పేరా మొత్తం పోయింది.

“గిట్ల ఎవరు మాట్లాడుతరు మేడమ్? ఎందుకు భరించినవ్ అంటే తప్పు ఆమెదే అన్నట్టాయె. ఒంటరిగ ఉన్నప్పుడు అడగాలె. ఆమె చెప్పింది నమ్మాలె. ఏం జేయాల్నో ఆమెనే చెప్తది.”

“మరి ఇందులో డైలాగేముంటుందండీ?”

“ఉండదు” అంది.

పాతికేళ్ళుగా నాకు అన్నం పెట్టిన మాటలన్నీ అనకూడని మాటలేనట. బుర్ర గిర్రున తిరిగింది. ఆ పుస్తకం చిత్తు ప్రతి ఇంటికి తెచ్చుకుని మళ్ళీ రాయడానికి కూర్చున్నాను.

గోడ అవతలి ఫ్లాట్‌లో ఉండే అమ్మాయిది ఈ ఊరే. మోతీనగర్‌లో పుట్టి పెరిగింది. సీరియల్స్‌లో చిన్నాచితకా వేషాలు వేస్తుంది. మొగుడు మెట్ల మీద కనబడితే వంగి దణ్ణం పెట్టే మనిషి. ఆరేళ్ళ కూతురు. నేను రాసుకుంటూ ఉంటే సాయంత్రాలు గోడలోంచి “కొట్టకు, పిల్ల చూస్తున్నది” అని వినిపించేది, తర్వాత ఏడుపు. మూడు రోజులు అదే మాట. ఎన్ని టేకులమ్మా తల్లీ అని విసుక్కున్నాను.

లిఫ్టులో కలిస్తే నేనే అడిగాను. “ఏం రిహార్సలమ్మా అది?”

ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. “ఔ మేడమ్, రిహార్సలే.”

నేను ఊరుకున్నానా? సలహా కూడా ఇచ్చాను. “ఏడుపు గొంతులోనే ఆపుకో. అప్పుడే పండుతుంది.”

ఆ తర్వాత గోడ అవతల చప్పుడు లేదు. షూటింగ్ అయిపోయి ఉంటుందనుకున్నాను.

నెల తర్వాత ఓ మధ్యాహ్నం తనే వచ్చింది. “మేడమ్, ఒక సీన్ రాసిస్తరా? ఒకామె పక్కింటికి పోయి సాయం అడగాలె. మొగడు చూస్తనే ఉంటడు, ఆయనకు తెల్వద్దు.”

ఆడిషన్ కాబోలనుకుని పేజీన్నర రాసిచ్చాను. నిలబడే చదివింది.

“గింత చెప్పేంత టైమ్ ఉండదు మేడమ్. ఒక్క మాట గావాలె.”

“పక్కింటికి ఎవరైనా ఎందుకెళ్తారమ్మా? పంచదారకు.”

“మేము చక్కెర అంటం” అని నవ్వింది. నవ్వు మధ్యలో ఆగిపోయింది. “గట్లయితే ఆమె చక్కెర అనకుంట పంచదార అంటే?”

“నాకు అర్థమైపోతుంది” అన్నాను. సీన్‌లో పక్కింటావిడ గురించి మాట్లాడుతూ ‘నాకు’ అని ఎందుకన్నానో తెలియదు.

“యాదుంటదా మీకు?” అని అడిగింది. బల్ల మీదున్న శిక్షణ పుస్తకం చిత్తు ప్రతి చదివి ఇస్తానని పట్టుకెళ్ళింది.

అప్పుడు మొదలైంది నాకు అయోమయం. ఆమె చెప్పింది నమ్మాలి అంటుంది పుస్తకం. రిహార్సల్ అని ఆమే చెప్పింది. ఆ రిహార్సల్ అనే మాట ఆమె నోటికి అందించింది నేను. ఇక నేనేది నమ్మాలి? రెండుసార్లు వాళ్ళ తలుపు దాకా వెళ్ళాను. రెండుసార్లూ మొగుడే తీశాడు, దణ్ణం పెట్టాడు. ‘బియ్యం కొట్టు ఎక్కడ బాబూ’ అని ఏదో అడిగి వచ్చేశాను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, బాధితురాలు ఎలా మాట్లాడుతుందా అని కాగితాల మీద వెతుక్కుంటూ కూర్చున్నాను.

ఆదివారం పొద్దున బెల్ మోగింది. చేతిలో గ్లాసు, పక్కన కూతురు, కూతురి వీపున బడి సంచి. వాళ్ళ గుమ్మంలో మొగుడు నిలబడి నవ్వుతున్నాడు.

“మేడమ్, జర పంచదార ఉంటే ఇస్తరా?”

దేవుడి మీద ఒట్టు, ముందు నాకు తట్టింది ఏమిటంటే, అబ్బ, మాట ఎంత శుభ్రంగా పలికిందీ అని. ఆదివారం పూట బడి సంచి ఏమిటని కూడా అప్పుడే తోచింది. ఇల్లు విడిచే ముందు ముఖ్యమైన కాగితాలు ఒక సంచిలో సిద్ధంగా పెట్టుకోవాలని ఆ పుస్తకంలో ఉంది. నేను రాసిన వేల డైలాగుల్లో ఒక్కటీ నోటికి రాలేదు.

“డబ్బా పైన ఉందమ్మా, నాకందదు. నువ్వే తీసుకో, రా” అన్నాను.

“జల్దీ రా, చాయ్ మరుగుతున్నది” అన్నాడు అతను.

వాళ్ళిద్దరూ లోపలికి రాగానే గడియ పెట్టి, గొలుసు కూడా వేశాను. శిక్షణ ఆవిడకు ఫోన్ చేశాను. తలుపు తియ్యకండి, పోలీసులను వెంటబెట్టుకుని వస్తున్నాం అంది.

ఆ అమ్మాయి వంటింట్లో నేల మీద కూర్చుంది. ఖాళీ గ్లాసు చేతిలోనే ఉంది. భుజాలు కదులుతున్నాయి, చప్పుడు మాత్రం లేదు. ఎప్పటి నుంచి అని అడగాలా, అడగకూడదా, ఏమీ తెలియలేదు. పక్కన కూర్చుని, “ఇక్కడెవరూ లేరు, గట్టిగా ఏడువమ్మా” అన్నాను.

“వస్తలేదు మేడమ్” అంది. “లిఫ్టుల మీరు చెప్పినంక మళ్ళ ఒక్కసారి గూడ బయటికి రానియ్యలే.”