రెండోసారి చెప్పిన మాట

ఈ ఉదయం జగిత్యాలలో మా ఆఫీసు కిటికీ కింద నుంచి ఒక ప్రచారం ఆటో పోయింది. ముందు మైకు ఖర్‌మని గొంతు సవరించుకుంది, తర్వాత ఆటో గుంతలో పడి లేచిన చప్పుడు, ఆ మీదట మాటలు. ఎవరిదో బట్టల దుకాణం ప్రారంభమట. చేతిలో టీ చల్లారిపోతున్నా నేను మెడ సాచి వింటూనే ఉన్నాను. నాకు కావలసింది దుకాణం సంగతి కాదు, ఆ మనిషి చెప్పిందాన్ని రెండోసారి ఎలా చెబుతాడన్నది. ఉన్నదున్నట్టు మళ్లీ అదే చదివాడు. నాకు ఒళ్లు మండింది. కోరుట్ల మైకు మహబూబ్ చాచా దగ్గర చీవాట్లు తిన్న దాన్ని, ఇలాంటివి విని ఊరుకోవడం నాకు చేతకాదు.

ఆయన్ని ఎరగని వాళ్లకు ఆయన్ని పరిచయం చేయడం కష్టమే. కోరుట్లలో కూడా ఆయన్ని చూసిన వాళ్లకంటే విన్నవాళ్లే ఎక్కువ. కొన్ని దశాబ్దాల పాటు మొదట రిక్షాలో, తర్వాత ఆటోలో కూర్చుని, నీళ్లు రాని రోజులూ, పింఛన్ల తేదీలూ, తప్పిపోయిన బర్రెలూ, దవాఖాన శిబిరాలూ అన్నీ తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి ఊరికి చెప్పిన గొంతు ఆయనది. నేను కలిసే నాటికి గొంతు ఆపరేషనై ఆ గొంతు పోయింది. ఊరంతటికీ వినిపించిన మనిషి మాట గజం దూరం కూడా వచ్చేది కాదు. ఆయన గుసగుసగా అంటే పక్కనే కూర్చున్న హలీమా చాచీ పైకి చెప్పేది. చాచీది మైకు అక్కర్లేని గొంతు. మధ్యమధ్య తన మాటలు కూడా కలిపేది. ఏది ఆయనదో, ఏది ఈమెదో మనమే తేల్చుకోవాలి.

నేనెందుకు వెళ్లానో చెప్పాలి. మాది సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లి. మా నాన్న మరమగ్గాల మీద పనిచేశారు. మా వైపు వాటిని సాంచాలంటాం. కంప్యూటర్ చదివి జగిత్యాలలో ఒక చిన్న సంస్థలో చేరాను. ఉన్నది నలుగురం. సర్కారు నోటీసు ఇస్తే దాన్ని యంత్రమే మామూలు తెలుగులో తిరగరాసి, ఉర్దూలోకి మార్చి, మైకులో వినిపించేలా చేయడం మా పని. యంత్రానికి పుట్టుకతో ఏ భాషా రాదు. దాని ముందు లక్షల వాక్యాలు కుప్ప పోస్తే, ఏ మాట వెనుక ఏ మాట వస్తుందో, తెలుగులో ఇలా అన్నదాన్ని ఉర్దూలో ఎలా అంటారో అందులోంచి పట్టుకుంటుంది. ఆ కుప్పనే మేం కార్పస్ అంటాం. మా దగ్గర ఉన్నవి పత్రికలూ, ప్రభుత్వ ఉత్తర్వులూ. అవి తిని పెరిగిన మా యంత్రం నోరు తెరిస్తే "యావన్మందికి తెలియజేయునది ఏమనగా" అనేది. అంత పెద్దరికం మా వీధుల్లో ఎవరికీ పట్టదు. ఒకే సంగతి తెలుగులో, ఉర్దూలో, వీధిలో మనుషులకు చెప్పినట్టు ఉన్న వాక్యాలు కావాలి. కోరుట్లలో మైకాయన తాను చదివిన చిట్టీ ఒక్కటి కూడా పారేయలేదట అని ఎవరో చెబితే ఆ పూటే బస్సెక్కాను.

నాలుగు గోనె సంచుల నిండా చిట్టీలు. పెండ్లిపత్రికల వెనుక, క్యాలెండర్ కాగితాల వెనుక, ఎడమ పక్క తెలుగు, కుడి పక్క ఉర్దూ, రెండూ ఆయన చేతిరాతే. నాకు ధనం నిండిన కొప్పెర దొరికినట్టయింది. కింద కూర్చుని ఒక్కొక్కటీ తీసి చదువుతుంటే ఆయన నన్నే చూస్తూ చాచీ చెవిలో ఏదో అన్నారు.

"వీటితోని ఏం జేస్తవ్ బిడ్డా అంటుండు," అంది చాచీ.

"యంత్రానికి నేర్పిస్త చాచా. మీరు చెప్పినట్టే చెప్తది."

"దాని గొంతు గూడ పోతదా అంటుండు."

"పోదు చాచా."

 ఆయన నన్ను దగ్గరికి పిలిచి నా చెవిలోనే అన్నారు. "తీస్కపో. గని ఒక్క మాట. అందరు గివి చెత్త అన్నరు. నువ్వు గూడ చెత్త అనుకుంటే తెచ్చి నా ముంగట పెట్టు. బయట పారెయ్యకు." చెత్త ఎందుకంటాను చాచా అని నవ్వేశాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఎందుకంటే మా నలుగురిలో ఉర్దూ వచ్చినతనితో కలిసి మూడు నెలలు కూర్చుని చిట్టీలన్నీ టైపు చేశాక, వాటిలో సగాన్ని నేను చెత్త కిందే లెక్కకట్టాను. ప్రతి చిట్టీలోనూ చెప్పిందే రెండుసార్లు ఉంది. అదే తేదీ, అదే చోటు, అదే పని, కాస్త అటూ ఇటూగా. మా వృత్తిలో కార్పస్ శుభ్రం చేయడమంటే మొదట చేసేది ఇదే. ఒకే సంగతి మళ్లీ మళ్లీ వస్తే యంత్రం దాన్నే పట్టుకుని వేలాడుతుందని తీసేస్తాం. నేనూ ఒక ప్రోగ్రాం రాసి రెండోసారి ఉన్నవన్నీ ఒక్క దెబ్బకు ఎత్తేశాను. "సగం పునరుక్తి, పనికిరాదు" అని రిపోర్టు రాసి మా పెద్ద సుధాకర్ సార్ బల్ల మీద పెట్టాను. యంత్రం చిన్న చిన్న వాక్యాల్లో, ఊరి మాటల్లో, రెండు భాషల్లోనూ చక్కగా పలుకుతోంది. నా అంత గొప్పది లేదనుకున్నాను.

మొదటి పరీక్ష సిరిసిల్లలో పెట్టారు. షుగర్ పరీక్షల శిబిరం, పరగడుపున రావాలి. శిబిరానికి బాధ్యురాలైన అధికారి మాకో అవకాశం ఇచ్చింది. సాయంత్రం మా ఆటో నేతకారుల వాడలో, ఉర్దూ మాట్లాడే కుటుంబాలున్న వాడలో తిరిగింది. మర్నాడు పొద్దున నేను శిబిరం గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. వచ్చిన వాళ్లలో చాలామంది కడుపు నిండా తిని వచ్చారు. నర్సు ఒక్కొక్కరినీ వెనక్కి పంపుతోంది. వరుసలో మా మేనత్త లక్ష్మి కూడా ఉంది. త్రేనుస్తోంది.

"పరగడుపున రావాలని మైకుల చెప్పిన్రు గదత్తా," అన్నాను.

"ఎప్పుడు చెప్పిన్రే? సాంచ బందువెట్టి బయటికి ఉరికచ్చేటాలకు ‘అందరు సహకరించాలె’ అన్నడు, పోయిండు. ఎవ్వలకు సహకరించాలె నేను? శిబిరం ఉన్నదని దవాఖానోళ్లు మొన్ననే చెప్పిన్రు, సూది అంటే కండ్లు తిరుగుతయని రెండు ఇడ్లీలు ఎక్కువే తిన్న."

ఉర్దూ వాడ నుంచి వచ్చిన వాళ్లదీ అదే కథ. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది మా పని. అధికారి కోప్పడలేదు, కోప్పడినా బాగుండేది. "మీ వాక్యాల్లో తప్పు లేదమ్మా, ఎవరికీ చేరలేదంతే. పదిహేను రోజుల్లో తంగళ్ళపల్లిలో ఇదే శిబిరం ఉంది. అక్కడా ఇలాగే అయితే ఈ పని ఆపేద్దాం," అంది. ఆపేయడమంటే నలుగురం ఇంటికి పోవడం. అంతకంటే, ఆ గోనె సంచులు తీసుకెళ్లి ఆ ఇంట్లో దింపి రావడం. ఆయన కోరుకున్నది ఒక్కటే, అవి చెత్త కాకూడదని, ఆ ఒక్కటీ నా చేతిలో పాడైపోయేలా ఉంది. మర్నాడు ముఖం చెల్లకపోయినా కోరుట్ల వెళ్లాను.

జరిగిందంతా చెప్పాను. నా రిపోర్టు కూడా చదివి వినిపించాను, దాచడం ఎందుకని. "సగం పునరుక్తి" అన్నచోట చాచీ, "గదేంది?" అంది. "చెప్పిందే మళ్లా చెప్పుడు చాచీ. గందుకే తీసేసిన," అన్నాను.  చాచా తన సంచులు తిరిగి ఇచ్చెయ్యమంటారేమో అనుకున్నాను. ఆయన నన్ను వంటింట్లోకి పొమ్మని సైగ చేశారు. మిక్సీలో అల్లం ఎల్లిగడ్డ వేసి తిప్పమన్నారు. నేను వెంట తెచ్చిన చిట్టీల్లో ఒకటి చాచీ చేతికి ఇచ్చి వీధిలోకి పంపారు.

మొదటిసారి చాచీ నేను ఉంచిన సగమే చదువుతూ నడిచింది. బయట ఏదో గొంతు వినపడి మిక్సీ ఆపి గల్మ దాకా, అంటే వీధి గుమ్మం దాకా, ఉరికేసరికి "కోరుతున్నం" అన్న ఒక్క మాట మిగిలింది. మళ్లీ వెళ్లి మిక్సీ తిప్పమన్నారు. ఈసారి చిట్టీ మొత్తం. నేను గల్మ దగ్గరికి చేరే సమయానికి చాచీ రెండోసారి మొదలుపెట్టింది. "రేపు నీళ్లు రావు. ఇయ్యాల్నే నింపి పెట్టుకోండ్రి. ఎల్లుండి పొద్దుగాల మళ్లా వస్తయి. చెప్పేది కోరుట్ల నీళ్ల ఆఫీసోళ్లు." అంతే. ఇక నాకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు, అయినా ఆయన చెప్పారు, నా చెవి దగ్గర, తడబడకుండా.

"మొదటిసారి చెప్పేది ఇంట్ల ఉన్నోళ్లను గల్మకాడికి పిలిచేటందుకు. అందులో చెప్పేటోళ్ల పేరు ముందు, పని ఎనుక. రెండోసారి చెప్పేది గల్మకాడికి అచ్చినోళ్లకు. అందులో పని ముందు, పేరు ఎనుక. ముచ్చట అదే, గని మనిషి అదే జాగల లేడు గద బిడ్డా."

సాంచాల చప్పుడులో పుట్టి పెరిగిన దాన్ని నేను. మా అమ్మ మాట ఏనాడైనా మా నాన్నకు మొదటిసారికి వినపడిందా? ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదంటే ఏం చదివినట్టు? ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది, రెండూ నా మీదే. అయినా నోరు ఊరుకోక, "ముందే ఎందుకు చెప్పలేదు చాచా?" అన్నాను.

"నువ్వు అడగలే," అన్నారాయన. తర్వాత కాస్త మెత్తబడి, "తీసేసే ముంగట రాసినోన్ని అడగాలె," అన్నారు.

పారేసిన సగాన్ని తిరిగి పెట్టడానికి ఒక్క పూట పట్టింది. అసలు పని ఆ తర్వాతే. ఇదివరకు ఒక చిట్టీ అంటే మాకు ఒక తెలుగు వాక్యం, ఒక ఉర్దూ వాక్యం. ఇప్పుడు ఒకే చిట్టీలో నాలుగు కనిపించాయి. రెండు భాషల్లో పిలిచే మాటలు, రెండు భాషల్లో పని చెప్పే మాటలు. వాటిని జతలు జతలుగా గుర్తు పెట్టి యంత్రానికి మొదటి నుంచి నేర్పాం. అది నోటీసును అనువదించడం మాని, ఎవరో వింటున్నారని తెలిసినట్టు చెప్పడం మొదలుపెట్టింది. నేర్పుతున్నన్నాళ్లూ యంత్రం చెప్పిన ప్రతి ఉర్దూ మాటనూ ఫోనులో చాచీకి వినిపించేదాన్ని. "గిట్ల మా ఇంట్ల ఎవ్వలన్నరు?" అంటే మళ్లీ కూర్చునేవాళ్లం.

తంగళ్ళపల్లి శిబిరం రోజు చాచీని వెంటబెట్టుకుని చాచా కూడా వచ్చారు. ఇస్త్రీ చేసిన తెల్ల లాల్చీ వేసుకుని, హాల్లో ఒక మూల కుర్చీలో కూర్చున్నారు. ముందు రోజు మధ్యాహ్నం సాంచాలన్నీ జోరుగా నడుస్తున్నప్పుడే ఆటో తిరిగింది, కావాలనే ఆ వేళ పెట్టాం. నర్సు మొదటి మనిషిని అడిగింది, తిన్నవా అని. తినలేదు. రెండో మనిషీ తినలేదు. నేను వేళ్లు మడుస్తూ నిలబడ్డాను. పది మంది దాటాక మడవడానికి వేళ్లు లేక ఊరుకున్నాను. ఉర్దూ మాట్లాడే ఆడవాళ్లు ఒక పక్కగా వచ్చారు. వాళ్ల చేతుల్లో మూత తీయని టిఫిన్ డబ్బాలున్నాయి.

అధికారి ఆ డబ్బాలు చూసి ఆగింది. "ఇవెందుకు తెచ్చుకున్నారు?"

"మైకుల చెప్పిన్రు గద. సూది అయినంక తినేటందుకు డబ్బ తెచ్చుకోండ్రి, కండ్లు తిరుగకుంట ఉంటదని," అంది ఒకామె.

నోటీసులో ఆ మాట లేదు. మేమూ రాయలేదు. పరగడుపు పరీక్షలున్న ప్రతి చిట్టీలోనూ చాచా తనంతట తాను కలిపే మాట అది, యంత్రం అక్కడ నేర్చుకుంది. నోటీసులో లేనిది యంత్రం చెప్పడం మా వృత్తిలో తప్పే. ఇకపై అలాంటి మాట మమ్మల్ని అడిగాకే కలపాలని తర్వాత దానికి కళ్లెం వేశాం. కానీ ఆ పూట మాత్రం నాకు తప్పనిపించలేదు. ఆ అధికారికీ అనిపించినట్టు లేదు, నవ్వుతూ ఆయన దగ్గరికి వెళ్లి రెండు మాటలు మాట్లాడమని అడిగింది. ఆయన నన్ను పిలిచి చెవిలో చెప్పారు. నేను హాలంతా వినపడేలా అరిచాను.

"తిని అచ్చినోళ్లు ఎవ్వలన్న ఉన్నరా అని అడుగుతున్నరు చాచా."

"లేరు," అంది హాలు మొత్తం. అందరికంటే గట్టిగా అరిచింది సిరిసిల్లలో వెనక్కి పోయి మళ్లీ ఇక్కడికి వచ్చిన మా లక్ష్మత్త. "ఇగ చాయ్ పోయండ్రి, పానం పోతుంది," అని కూడా అంది. చాచా భుజాలు కదిలేలా నవ్వారు, చప్పుడు లేకుండా. నా జీవితంలో నేను గెలిచిన రోజు ఏదంటే ఇప్పటికీ ఆ రోజే చెబుతాను. ఆపరేషన్ తర్వాత ఆయన అలా నవ్వడం చూళ్లేదని చాచీ నాతో అంది.

ఆ తర్వాత మా పని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడు పట్టణాలకూ పాకింది. ఆ కార్పస్‌కు మేం పెట్టిన పేరు మహబూబ్ చిట్టీలు. నా పాత రిపోర్టును నేనే దిద్ది, "సగం పునరుక్తి, పనికిరాదు" అన్న వాక్యం కొట్టేసి, కింద కారణం రాశాను. ఆ కాగితం ఆయనకు తీసుకెళ్లి ఇస్తే చదివి, మడిచి, లాల్చీ జేబులో పెట్టుకున్నారు. మరో నాలుగేళ్లు ఉన్నారు. పోయే ముందు వారం కూడా కొత్త వాక్యాలు వినిపించుకుని ఒకదాన్ని మార్పించారు.

ఇప్పుడు నా కింద పది మంది పనిచేస్తున్నారు. పోయిన నెల రాయికల్ నుంచి కొత్తగా చేరిన హసీనా, బీడీలు చుట్టే ఆడవాళ్ల మాటలు రికార్డు చేసి తెచ్చింది. వాటిలో సగంలో ఆగిపోయిన వాక్యాలు కుప్పలుగా ఉన్నాయి. పనికిరావని కొట్టేసి పంపాను. మర్నాడు ఆ పిల్ల నా బల్ల ముందు నిలబడింది. 

"మేడం, మీరు కొట్టేసినయి మా అమ్మను అడిగిన. అవి ఆగిపోయినయి కాదట. ఒకామె మొదలువెడితే పక్కామె పూర్తి చేస్తదట. బీడీలకాడ అందరిది ఒక్కటే ముచ్చట. మీరు మనిషికొక వాక్యం అని కోసిన్రు." ఆ మీదట, "కొట్టేసే ముంగట మీరు ఎవ్వలనన్న అడిగిన్రా?" అంది.

ముందు ఒళ్లు మండింది, అబద్ధమెందుకు. నిన్నగాక మొన్న చేరిన పిల్ల. తర్వాత ఛాతీ నిండా ఎంత సంతోషం వచ్చిందో చెప్పలేను. అడగలేదన్నాను. కుర్చీలోంచి లేచి ఆ పిల్లను నా చోట కూర్చోబెట్టాను. నేను కోసిన వాక్యాలను హసీనా ఒక్కొక్కటీ అతికిస్తుంటే, పక్కన నిలబడి ప్రతిదాని దగ్గరా ఇది ఎవరు మొదలుపెట్టారు, ఎవరు పూర్తి చేశారు అని అడుగుతూ పోయాను.