ప్లీజ్ పెట్టకుంటే మార్కులు కట్

మా స్కూల్ల కోడింగ్ బ్యాచ్ పెడుతున్నమని మిర్యాలగూడ నిండా ఫ్లెక్సీలు కట్టిన్రు. బ్యాచ్ ఇంక మొదలే కాలే, అప్పటికే ఫ్లెక్సీ మీద కోటు తొడుక్కున్న పిల్లగాడొకడు లాప్‌టాప్ పట్టుకొని నవ్వుతున్నడు. వాడు మా స్కూలోడు కాదు. మొఖం చూస్తే అసలు మన దేశపోడే కాదు. అడిగేటోడెవడు?

మేమప్పుడు పదో తరగతి. కోదాడల ఒక ఇంజనీరింగ్ కాలేజీల స్కూలు పిల్లలకు ప్రోగ్రామింగ్ పోటీ పెడుతున్నరు. లెక్కలసొంటి ప్రశ్నలిస్తరు, వాటికి కంప్యూటర్ల ప్రోగ్రామ్ రాయాలె. అందుల పై రౌండుకు పోయినోళ్ళకు సూర్యాపేటల మా మేనేజ్‌మెంటోళ్ళ జూనియర్ కాలేజీల ఎంపీసీ సీటు, హాస్టలు, అన్నీ ఫ్రీ అని అసెంబ్లీల మైకు పట్టుకొని చెప్పిన్రు. మేం చప్పట్లు కొట్టినం. కొట్టకుంటే పీఈటీ సార్ ఊకోడు.

నాకా సీటుతోని పనిలేకుండె. మా అమ్మ టీచరు, నాయిన ఆఫీసుల ఉద్యోగం. ఎట్లనన్న చదివిపిస్తరు. నా పక్కన కూసునే పిల్లకు మాత్రం ఆ సీటే దిక్కు. వేములపల్లి నుంచి షేర్ ఆటోల వస్తుండె. వాళ్ళ నాయిన కౌలుకు వరి ఏస్తడు. "సీటొస్తె పంపుత బిడ్డా. రాకుంటె సూర్యాపేట నాతోని కాదు. నేరేడుచర్లల మీ మేనత్త ఇంట్ల ఉండి గాడనే ఏదో ఒకటి సదువుకో" అని మొఖం మీదనే చెప్పిండట. మా స్కూలు మొత్తం దేవులాడినా గంత సక్కగ మాట్లాడే మనిషి దొరకడు.

ఇగ మా కోడింగ్ సార్ సంగతి. ఎండాకాలం సెలవుల దాంక ఆయన సోషల్ సార్. సెలవులు అయిపోంగనే కోడింగ్ సార్ అయిండు. సోషల్ ఎట్ల చెప్పిండో ఇదీ గట్లనే. ప్రోగ్రాములన్నీ లాంగ్ నోటుబుక్కుల మార్జిన్ కొట్టి రాయాలె, హెడ్డింగ్ కింద ఎర్రగీత కొట్టాలె, తెల్లారి లేచి నిలబడి కంఠస్థం అప్పజెప్పాలె. "సెమీకోలన్ కాడ జర ఆగు, ఊపిరి తీసుకో" అంటుండె. కంప్యూటర్ ల్యాబు శనివారం ఒక్కపూటనే తెరుస్తరు. మిగతా రోజులు దుమ్ము పడతదంట! కంప్యూటర్లను కాపాడినంత భద్రంగ మమ్ముల కాపాడితే ఎంత బాగుండు.

వీటన్నిట్ల ఆయనకు పానం అసొంటిది ఒక్కటి. ఏ ప్రోగ్రామైనా మొదలు తెర మీద ‘ప్లీజ్ ఎంటర్ ద నంబర్’ అని అడగాలె. చివరికి ‘ద ఆన్సర్ ఈజ్’ అని చెప్పి అప్పుడు జవాబు చూపాలె. "ఇంటికొచ్చినోళ్ళను రాండ్రి, కూసోండ్రి అనమా? మర్యాద లేనిది ప్రోగ్రామే కాదు" అని ప్లీజ్ పెట్టనోళ్ళకు మార్కులు కోస్తుండె.

నేను ఇంట్ల అమ్మ ఫోన్ల ప్రాక్టీసు సైట్లు చూస్తుంటి. గాడ పేపర్లు దిద్దేది మనిషి కాదు, మిషను. అది అంకెలిస్తది, జవాబు తీసుకుంటది, అంతే. ఇరవై అని రావాల్సిన కాడ ‘ద ఆన్సర్ ఈజ్ ఇరవై’ అని వస్తే తప్పు కొడతది. ఒక్క మాట ఎక్కువున్నా సున్నానే. మిషనుకు మర్యాదేంది, మన్నేంది?

ఈ మాట సార్‌కు చెప్పిన. "ఓహో, ఫోన్ల సూసి నాకే పాఠం చెప్పేదానివైనవా? అయితే రా, ఈ కుర్సీల నువ్వే కూసో" అన్నడు. క్లాసు క్లాసంత పకపక నవ్విన్రు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యిమనే రకాలు, వాళ్ళతోని నాకేం మాట.

నవ్వంది నా పక్క పిల్లొక్కతే. నిజం చెప్తున్న, కోడింగ్ల ఆమె కాలిగోటికి సరిపోను నేను. నేను లూపు మీద లూపు పెట్టి లెక్కను మళ్ళ మళ్ళ తిప్పుకుంట తిప్పలు పడుతుంటే ఆమె బెంచీ మీద వేలితోని ఏదో గీసుకొని, "గిట్ల ఒక్కసారి తిరిగితె సాలు గదనే" అంటుండె. సూస్తే నిజంగనే సాలు. అసొంటి పిల్లకు సార్ ఒక పరీక్షల ప్లీజ్ పెట్టలేదని సగం మార్కులు కోసిండు. అప్పటి సంది ఆమె ప్లీజ్ పెట్టుడు ఎన్నడు మర్చిపోలే.

ఆటోల అడ్డ కాడ ఆమెకు చెప్పిన. "ఏమే, కోదాడల గా ప్లీజులు పెట్టకే. మిషను తప్పు కొడతదే."

"సార్ పెట్టమన్నడు గదనే."

"సార్‌కేం తెలుసే!"

"నీకు తప్పుబోతె మీ అమ్మ ఉన్నది, మళ్ళ సూసుకుంటది" అన్నది. "నాకు తప్పుబోతె? సార్ చెప్పినట్టు చేస్తె నాకేం భయం లేదు."

ఆటో వచ్చింది, ఎక్కి పోయింది. నాకు ఆమె మీద కోపమొచ్చింది, సార్ మీద దానికి పదింతలొచ్చింది.

పోటీ నాడు స్కూలు వ్యాను ముందర కొబ్బరికాయ కొట్టిన్రు. దిగేముందు సార్ లేచి, "ప్లీజ్ మర్చిపోయిన్రో, ఈపులు పలుగుతయ్" అని ఆశీర్వదించిండు. కోదాడ కాలేజీ ల్యాబు కాడ ఒకాయన, "చెప్పులు బయట విడిచి రండమ్మా, ఎవరి సీట్లో వాళ్ళు కూర్చోండి" అని మెత్తగ చెప్పిండు. లోపల రాసి పంపితే ‘అందింది’ అని ఒక్కటే వస్తది. తప్పో ఒప్పో ఫలితాలొచ్చేదాంక తెల్వది. నేను ఒక్క ప్లీజ్ కూడ పెట్టలే, చివరి ప్రశ్న మాత్రం ఇడిచిపెట్టిన. ఆమె నాకంటె ముందే అన్నీ చేసి చేతులు కట్టుకొని కూసున్నది.

ఫలితాలొచ్చినయ్. పై రౌండుకు నేనొక్కదాన్నే. మిగతా బ్యాచ్ బ్యాచంత సున్నా. ఆమెకు కూడ సున్నానే. సార్ ఏమన్నడో తెలుసా? "మన పిల్లల స్పీడు కోదాడ సర్వర్‌కు అందలే" అన్నడు. సిగ్గుండాలె మనిషికి! తెల్లారే ఫ్లెక్సీ లేచింది. అందుల ఆయన ఫోటో తలుపంత, నా ఫోటో కిటికంత.

శనివారం ల్యాబు తెరవంగనే ఆమెను పట్టుకపోయిన. పోటీ ప్రశ్నలు ప్రాక్టీసు సైట్ల పెట్టిన్రు. ఆమె రాసినవి అక్షరం పొల్లుపోకుండ మళ్ళ కొట్టింది. అన్నీ తప్పని ఎర్రగొచ్చినయ్. నేను ప్లీజులు తీసేసిన, ‘ద ఆన్సర్ ఈజ్’లు తీసేసిన, మళ్ళ పంపిన. అన్నీ పచ్చగొచ్చినయ్. నేను ఇడిచిపెట్టిన చివరిది కూడ.

"మళ్ళ ఒత్తు" అన్నది. ఒత్తిన. మళ్ళ పచ్చగనే. అప్పుడు ఏడ్సింది.

ప్రిన్సిపల్ మేడంను పిల్చుకొచ్చిన. సార్ కూడ ఎనక వచ్చిండు. మేడం తెర చూసి, "మంచిగనే రాసినవ్ బిడ్డా, కానీ పోటీ అయిపోయింది గదా" అన్నది. నా సీటు ఆమెకియ్యుండ్రి మేడం అన్న. "ఎట్ల ఇస్తమమ్మా? ఫ్లెక్సీల నీ ఫోటో అచ్చయిపాయె" అన్నది. గంతల సార్ తెర మీదికి వంగి, "చూసిన్రా మేడం, నేను చెప్పిన ప్రోగ్రాములే ఇవి" అన్నడు.

ఎన్నడు గొంతు లేపని పిల్ల అప్పుడు లేపింది. "మీరు చెప్పినయి ఎర్రగొచ్చినయ్ సార్."

సార్ ఫోనొచ్చినట్టు చెవికాడ పెట్టుకొని బయటికి పోయిండు.

జూన్ల నేను సూర్యాపేటల చేరిన. ఆమె నేరేడుచర్ల పోయింది. మొదటి రోజు కొత్త క్లాసుల లెక్చరర్ నన్ను లేపి, "కోడింగ్ల మీ స్కూలు ఫస్టు నువ్వేనా?" అని అడిగిండు.

"కాదు సార్. ఇంకో అమ్మాయున్నది. నేరేడుచర్లల సీఈసీ చదువుతున్నది."

"మరి ఆమెకు సీటెందుకు రాలే?"

"సార్ చెప్పినట్టు విన్నది సార్" అన్న.

కూసో అన్నడు. కూసున్న.