తగువు భోజనం

మా వైపు మొగుడూ పెళ్ళాల తగువు తీరిందనడానికి కాగితాలేమీ రాసుకోరు. తీర్పు చెప్పిన పెద్దలు ఆ ఇంటికి వెళ్ళి, ఇల్లాలు వడ్డించగా భోంచేస్తారు. వాళ్ళు చెయ్యి కడుక్కున్నాక ఆవిడ ఇంకెప్పుడూ ఆ తగువు ఎత్తకూడదు. ఎత్తితే పెద్దల్ని అవమానించినట్టు. ఈ ఏర్పాటు కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ మంచి తిండిపోతై ఉంటాడు.

మాది కాకినాడకి దగ్గర్లో, సముద్రం ఒడ్డు ఊరు. మా పెదనాన్న కూతుర్ని బావ పడవ తెడ్డుతో కొట్టాడు. ముంజేయి విరిగింది. అక్క చేతికి కట్టుతో పుట్టింటికి వచ్చేసి, ఇక వెళ్ళనంది. పోలీస్ స్టేషన్‌కి తీసుకెళ్తానని నేనంటే వాళ్ళ అన్నయ్య నా మీద లేచాడు.

"కేసెడితే ఆడింక ఏలుకుంటాడేంటే? నువ్వూరుకో."

సొంత చెల్లెలి చెయ్యి విరిగితే ఆయనగారి బెంగ అదీ.

పెద్దలు రామాలయం అరుగు మీద కూర్చున్నారు. ఆడవాళ్ళు ఆ అరుగెక్కకూడదు. అక్క కింద ఎండలో, వాళ్ళు విడిచిన చెప్పుల పక్కన నిలబడింది. ఆమె తరఫున అన్నయ్య మాట్లాడాడు. బావ తరఫున బావే మాట్లాడుకున్నాడు. తాగున్నానండి, తెలీలేదండి అన్నాడు. వాళ్ళకి అది సరిపోయింది. ఆదివారం భోజనం పెట్టుకోమన్నారు.

ఆదివారం బావ ఇంట్లో పండుగప్ప చేప పులుసు. పెద్దమ్మ వచ్చి వండింది. వడ్డన మాత్రం అక్కే చెయ్యాలి. అన్నయ్య ఫోన్ తీసి ఫొటో తీయబోతుంటే, పెద్దల్లో ఒకాయన చేతికట్టు కనబడకుండా కొంగు కప్పుకోమన్నాడు. ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాలి కదా.

అక్క అన్నాలు పెట్టి, పులుసు గిన్నె పట్టుకుని ఆగిపోయింది.

"తినకండి బాబూ. మీరు తినేసి ఎల్లిపోతే, రేపు ఈయన మళ్ళీ కొడితే నేనెవరికి చెప్పుకోను?"

పెద్దల్లో పెద్దాయన చెయ్యి విస్తరి మీద ఆగింది. ఆ కాసేపూ ఆయన్ని మనిషే అనుకున్నాను.

"అన్నం ముందు కూకున్నాక అలాంటి మాటలనకూడదమ్మా" అన్నాడాయన. "పులుసు పొయ్యి, చల్లారిపోద్ది."

అన్నయ్య లేచి గిన్నె లాక్కుని తనే వడ్డించాడు. ఇల్లాలే వడ్డించాలన్న పట్టింపు అప్పుడెవరికీ గుర్తు రాలేదు. తిన్నారు. తలకాయ ముక్క జుర్రుకుంటూ, ముళ్ళు విస్తరి పక్కన పోగేసుకుంటూ తిన్నారు. ఒకాయన పులుపు కాస్త తగ్గిందన్నాడు. ఆ జుర్రిన చప్పుడు తలుచుకుంటే నాకు ఇప్పటికీ అసహ్యం. అక్క గోడకి ఆనుకుని, వాళ్ళు తినడం చూస్తూ నిలబడింది.

వానలు పడ్డాక ఒక మధ్యాహ్నం అక్క చిట్లిన పెదవితో మళ్ళీ పుట్టింటికొచ్చింది. అన్నయ్య గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"పెద్దలు భోంచేసి ఎల్లారు. ఇప్పుడొచ్చి నా పరువు తీస్తావేంటి?"

మాది పక్కిల్లే. అక్క రెక్క పట్టుకుని మా ఇంట్లోకి తీసుకొచ్చి తలుపు గడియ పెట్టాను. కాసేపటికి ఎవరో తలుపు దబదబా బాదారు. బావ వచ్చాడేమోనని అక్క మంచం చాటుకి జరిగింది. కిటికీలోంచి చూశాను. బావ కాదు, అన్నయ్య. అక్కని బావ దగ్గర దిగబెట్టడానికి ఆటో తీసుకుని మరీ వచ్చాడు.