అత్తగారింట్లో సంగటి

మా అత్తగారిల్లు కేసీ కాలువ కింద ఏడాదికి రెండు కార్లు వరి పండించిన ఇల్లు. నేను రాయచోటి దిక్కు మెట్ట నేల నుంచి వచ్చినదాన్ని. పెళ్లయిన కొత్తలో ఒకరోజు నోరూరి, పుట్టింటి నుంచి తెచ్చుకున్న రాగిపిండితో సంగటి చేయబోయాను. మా అత్త గడపలోనే నిలబడి, ఎవరన్నా వస్తే ఈ ఇంట్లో బియ్యానికి గతి లేదనుకుంటారని చెప్పి, ఆ పిండి తీసి పనిమనిషికి ఇచ్చేసింది. ఆ తర్వాత అత్తతో సహా కాపురం కడపకు మారింది, పిల్లలు పెద్దవాళ్లయ్యారు, నా పొయ్యి మీద మాత్రం సంగటి ఉడకలేదు. నేనేమన్నా నగలడిగానా, పట్టుచీరలడిగానా? నా వంటింట్లో నా చేత్తో ఇంత సంగటి కెలుక్కుని తినాలని, అంతే.

తమాషా ఏమిటంటే, ఆమె పుట్టిందీ మెట్ట నేలలోనే, పులివెందుల దిక్కున. అయినా తన నాయన ఇంట్లో మూడు పూటలా వరన్నమే అని చెప్పేది. వానే పడని చోట ఆ వరి ఎక్కడ పండిందమ్మా అని అడగాలని నాలుక చివరిదాకా వచ్చేది. కాపురం చేసుకోవాలి కదా, మింగేసేదాన్ని.

ఇంతలో మా ఆయనకు షుగరొచ్చింది. డాక్టరు అన్నం తగ్గించి రాగులు తినమన్నాడు. ఆ రోజు నుంచి రాగుల గొప్పదనం ఆయన ఫోనులో చూసి నాకు చెప్పడం మొదలుపెట్టాడు. నాకు! అట్లనా అని వింటూ కూర్చున్నాను. పెళ్లాం చేసి పెడతానంటే మాత్రం చెవికెక్కలేదు, బైపాసు రోడ్డులో అచ్చమైన సీమ ఇంటివంట అని బోర్డు పెట్టిన హోటలు కనిపెట్టాడు. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా!

ఒక ఆదివారం మధ్యాహ్నం ముగ్గురం పోయాం. తాను పెరుగన్నం తప్ప ఏమీ ముట్టనని మా అత్త కారెక్కే ముందే తేల్చేసింది. హోటలు గోడలకు ఎర్రమన్ను రంగు, తలుపు పక్కన బండి చక్రం, లాంతర్లలో కరెంటు బల్బులు. తలపాగా చుట్టుకున్న ఒకాయన వచ్చి, సంగటి ఎలా తినాలో మాకు ఓపిగ్గా వివరించి, పక్కనే స్పూన్లు పెట్టి పోయాడు. మా ఆయన స్పూనుతో తవ్వుకుని, బొరుగులు నమిలినట్టు నమిలి, అంగిట్లో అంటుకుంటోందన్నాడు.

మా అత్త ఆకులోనూ ఒక ముద్ద పడింది. ఆమె దాన్ని చూడలేదు, చుట్టూ చూసింది. పక్క బల్ల దగ్గర మా వీధి కాంట్రాక్టరు కుటుంబమంతా సంగటికి ఫోటోలు తీసి మరీ తింటోంది. అప్పుడామె స్పూను పక్కకు నెట్టింది. బొటనవేలితో ముద్దలో గుంత చేసి, నాటుకోడి పులుసు పోసుకుని, అంచు తుంచి, అద్ది, నమలకుండా గుటుక్కున మింగింది. సంగటి నమలకూడదని ఆ తలపాగా ఆయన చెప్పలేదు. అది పుట్టినప్పటి నుంచి తిన్నవాళ్లకే తెలుస్తుంది. ఆమె రెండో ముద్ద అడిగేసరికి నాకు కోపం నషాళానికంటింది.

"అత్తా, నీకు సంగటి తినేది బాగా వచ్చునే" అన్నాను.

ఆమె తల ఎత్తలేదు. "నేనొచ్చిన కొత్తలో మా అత్త నా సంగటి కుండెత్తి పెరట్లో పగలగొట్న్యాది. మెట్టదాన్ని తెచ్చుకున్యారని ఊరంతా నవ్వుతాదంట" అంది. "నీ పిండి నేను పారెయ్యలే గదా. ఇంగొకరికి ఇచ్చినా" అంది.

తన అత్త కంటే తాను మంచిదాన్నే అని ఆమె లెక్క. ఇన్నేళ్లూ ఈమె కూడా నాలాగే నోరు కట్టుకుని బతికిందా అనుకుని, పులుసు గిన్నె ఆమె వైపు జరిపాను. మా ఆయన మాత్రం ఆ స్పూనుతోనే కుస్తీ పడుతున్నాడు.

మరునాడు పొద్దున్నే అంగట్లో రాగిపిండి తెచ్చి, నూకలు ఉడికించి, పిండి పోసి కెలకడం మొదలుపెట్టాను. ఆమె వంటింట్లోకి వచ్చింది. ఈసారి ఏమన్నా అంటే ఊరుకునేది లేదని గట్టిగా అనుకున్నాను. ఆమె పోయి వీధి తలుపు గడియ పెట్టింది, కిటికీ రెక్కలు మూసింది, వచ్చి నా చేతిలోని కెలికే కట్టె లాక్కుంది.

"ఇట్ల కెలికితే ఉండలు కడతాది. జరుగు" అంది.

జరిగాను. గిన్నెను నేల మీదికి దించి, రెండు పాదాల మధ్య బిగించి, ఆ వయసులో ఆమె కెలుకుతుంటే ఒక్క ఉండ కట్టలేదు. తడిచేత్తో ముద్ద చేసి, మొదటిది నా పళ్లెంలోనే వేసింది. ఇప్పుడు మా ఇంట్లో వారానికి నాలుగు రోజులు సంగటే. నా వంటింట్లో నా చేత్తో కెలుక్కోవాలన్న కోరిక మాత్రం ఇంకా తీరలేదు, ఆ కట్టె ఆమె నా చేతికివ్వదు.